త్రాసుకు అందని ఎముక



ఎవరి పేరున ఈ ధర్మనిధి ఏర్పడిందో ఆ మాస్టారికి పొగడ్త గిట్టేది కాదు. క్లాసులో ఎవరైనా "తమరే చెప్పారు కదండీ" అని జవాబు మొదలుపెడితే, "నేను చెప్పడం రుజువు కాదు, కూర్చో" అనేవారు. అందుకని ఇవాళ ఆయన గుణగణాల జోలికి పోను. ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఎటూ ఉంది. ఉద్యోగం చేసినంత కాలం ఆయన వదలకుండా పట్టుకున్న ఒక చిన్న ప్రశ్నను మీ ముందు పెడతాను. ఎదిగే కుందేలుకు మేతలో కాల్షియం ఎంత ఉండాలి? అది ఎముకలో ఏం చేస్తుంది? ఈ మాట చెప్పగానే నిర్వాహకుల్లో ఒకరు "మరీ ఇరుకైన విషయం కదండీ" అన్నారు. నిజమే. కుందేలు బొరియ కూడా బయటికి ఇరుగ్గానే కనిపిస్తుంది, లోపలికి పోతే దారికో గది.

నేను పీజీలో చేరిన మొదటి వారం కుందేళ్ళ షెడ్డు చూడటానికి వెళ్ళాను. బోనుల కింద పెట్టిన రేకు పళ్ళాల నిండా తెల్లగా అట్టలు కట్టిన మరకలు. గోడలకు సున్నం కొడుతూ ఒలికించారనుకుని, షెడ్డు చూసుకునే పెద్దాయన మీద విసుక్కున్నాను. నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్దవాడు. "సున్నం నేను కొట్టలేదు బాబూ, అవే కొట్టుకున్నాయి" అన్నాడు తాపీగా. వెనకే వచ్చిన మాస్టారు ఏమీ అనకుండా ప్రయోగశాలలోంచి పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెప్పించి, ఆ అట్ట మీద రెండు చుక్కలు వేశారు. బుసబుసమని పొంగింది. "కాల్షియం కార్బనేట్. నీ గోడమీది సున్నం గాలి పీల్చుకుని ఆరాక అయ్యేదీ ఇదే. ముందు ఆయనకు క్షమాపణ చెప్పు. తర్వాత ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు."

మొదటిది వెంటనే చేశాను. రెండోదానికి కొన్నేళ్ళు పట్టింది.

కుందేలు మూత్రం చిక్కగా, సున్నపునీళ్ళలా ఉండటం జబ్బు కాదు. దాని ఒళ్ళు నడిచే పద్ధతే అది. మన పేగు కాల్షియం విషయంలో పిసినారి కాపలాదారు. ఒంటికి ఎంత కావాలో చూసుకుని, విటమిన్ డి చేతిలో తాళంచెవి పెట్టి, అంతే లోపలికి రానిస్తుంది. మిగిలింది మలంలో పోతుంది. కుందేలు పేగుకు ఈ పట్టింపు తక్కువ. మేతలో ఎంత ఉంటే దాదాపు ఆ నిష్పత్తిలోనే పీల్చేసుకుంటుంది. విటమిన్ డి పెద్దగా లేకపోయినా ఈ పని ఆగదు. నేల కింద బొరియల్లో పగలు గడిపి, సందెవేళల్లో మేతకు వచ్చే జంతువుకు ఎండ మీద ఆధారపడకపోవడమే మేలు మరి. అలా వచ్చిపడ్డ కాల్షియాన్ని సర్దుబాటు చేసే బరువంతా మూత్రపిండాల మీద పడుతుంది. చాలా క్షీరదాల మూత్రపిండాలు వడపోతకు వచ్చిన కాల్షియంలో 2 శాతం కూడా బయటికి పోనివ్వవు. కుందేలు 45 నుంచి 60 శాతం దాకా వదిలేస్తుంది.

రక్తంలోనూ ఇదే ధోరణి. మనిషి రక్తంలో కాల్షియం 100 మిల్లీలీటర్లకు 9, 10 మిల్లీగ్రాముల దగ్గర నిలబడుతుంది. కుందేలులో 13 నుంచి 15 దాకా ఉండటం మామూలు. మేత మారితే అదీ మారుతుంది. ఒకసారి మేం పంపిన కుందేలు రక్తాల ఫలితాలన్నిటి కిందా ఎర్రసిరాతో గీతలు గీసి, "పారాథైరాయిడ్ కణితి ఉందేమో చూడండి" అని రాసి పంపారు ఒక ప్రయోగశాల వారు. పన్నెండు కుందేళ్ళకూ కణితులే! పాపం, వాళ్ళ దగ్గర ఉన్నది మనుషుల పట్టిక. కుందేలు పారాథైరాయిడ్ గ్రంథికి "చాలు" అనిపించే మట్టమే మనకంటే ఎత్తున ఉంటుంది.

ఇక్కడ షెడ్డు పెద్దాయన దగ్గరే నేను రెండో పాఠం నేర్చుకున్నాను. పళ్ళాలు గీకడానికి ఆయన వరస పెట్టుకున్నాడు. ముసలి మగవాటి పళ్ళాలు ముందు, ఈనిన తల్లులవి తర్వాత. కొత్తగా పాలు మాన్పించిన పిల్లల పళ్ళాలకు గీకుడే లేదు, నీళ్ళు పోసి కడగడమే. "వీటికి సున్నం ఉండదు బాబూ, నీళ్ళలా పోస్తాయి" అన్నాడు. ఎందుకో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. కానీ ఎముక జీవక్రియ గురించి ఏ పుస్తకమైనా మొదలవ్వాల్సిన చోటు అదేనని ఇప్పటికీ అనుకుంటాను. మేతలో వచ్చినది పళ్ళెంలో పడటం లేదంటే మధ్యలో ఎవరో తీసుకుంటున్నారన్న మాటే. తల్లి అయితే పాలలోకి తీసుకుంటోంది, కుందేలు పాలలో కాల్షియం ఆవుపాలకంటే కొన్ని రెట్లు ఎక్కువ. పిల్ల అయితే ఎముకలోకి తీసుకుంటోంది.

ఆ పిల్ల ఎదిగే తీరు చూడండి. న్యూజిలాండ్ వైట్ జాతి పిల్ల పుట్టినప్పుడు 50, 60 గ్రాములుంటుంది, ఒంటి మీద బొచ్చు కూడా ఉండదు. పన్నెండు వారాలు తిరిగేసరికి రెండు కిలోల దగ్గరికి వస్తుంది. ఆ మూడు నెలల్లో అస్థిపంజరం మొత్తం పొడుగు సాగాలి, లావెక్కాలి, గట్టిపడాలి. తొడ ఎముక చివర ఉండే పెరుగుదల పలకలో మృదులాస్థి కణాలు దొంతరలుగా పేర్చుకుంటూ పోతాయి. ఇల్లు కట్టేవాళ్ళు సెంట్రింగు కొట్టి, కాంక్రీటు పోసి, చెక్క ఊడదీసినట్టు, ఆ దొంతరల మధ్య ఖనిజం పేరుకున్నాక మృదులాస్థి తొలగి ఎముక నిలుస్తుంది. ఇంటికీ ఎముకకూ తేడా ఎక్కడంటే, ఎముకలో మేస్త్రీ, కూల్చేవాడూ ఒకేసారి పనిలో ఉంటారు. బయటి వైపు కొత్త పూత పడుతుంటే లోపలి వైపు చెక్కుడు సాగుతుంటుంది. అలా చెక్కితేనే మూలుగకు చోటు. ఆరు నెలలు దాటుతుండగా పెరుగుదల పలకలు మూసుకుంటాయి, అక్కడితో పొడుగు పెరగడం అయిపోయినట్టే.

మేతలో కాల్షియం చాలకపోతే ఏమవుతుంది? మొదట మూత్రపిండం బిగబట్టుకుంటుంది. పళ్ళెం పూర్తిగా తేటపడుతుంది. అదీ చాలక రక్తంలో మట్టం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, దానితో చురుకైన విటమిన్ డి పెరుగుతుంది. గుండె కొట్టుకోవడానికీ కండరం బిగియడానికీ కావలసిన కాల్షియాన్ని ఎలాగైనా సమకూర్చాలి. ఒంటిలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంది కనుక, చెక్కేవాడికి కబురు వెళుతుంది. లోపలి చెక్కుడు జోరందుకుంటుంది. బయటి పూత మందగిస్తుంది. ఎముక పొడుగు మాత్రం పెద్దగా తగ్గదు. ఇదే మోసం. బయటినుంచి చూస్తే పిల్ల ఎదుగుతూనే ఉంటుంది. లోపల గోడ పలచబడుతుంటుంది.

మాస్టారు పట్టుకున్న ప్రశ్న ఈ మోసం చుట్టూ తిరిగేదే. 1967లో చాపిన్, స్మిత్ అనే ఇద్దరు ఎదిగే కుందేళ్ళకు కాల్షియం ఎంత కావాలో తేల్చడానికి అమెరికాలో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. మేతలో 0.22 శాతం కాల్షియం ఉంటే బరువు పెరుగుదలకు లోటు రాలేదు. కానీ ఎముకలో ఖనిజం నిండుగా పేరుకోవడానికి 0.35 నుంచి 0.40 శాతం కావలసివచ్చింది. మాస్టారు ఈ రెండు అంకెలనూ బ్లాక్‌బోర్డు మీద పక్కపక్కన రాసి, మధ్య ఖాళీని సుద్దతో పులిమేవారు. "ఈ ఖాళీలో ఉన్న కుందేలు త్రాసు మీద పాసవుతుంది. ఎముకలో ఫెయిలవుతుంది. త్రాసును తప్ప దేన్నీ నమ్మనివాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు."

1977లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఎదిగే కుందేళ్ళకు 0.40 శాతం కాల్షియం, 0.22 శాతం భాస్వరం అని పట్టిక వేసింది. పాలిచ్చే తల్లికి 0.75. యూరప్ వాళ్ళు తల్లికి 1.1, 1.2 దాకా పోయారు. అంకెల మీద తగువులు ఉన్నాయి. బరువు ఒకటే కొలబద్ద అయితే మాత్రం 0.40 దాకా ఎవరూ వచ్చేవారే కాదు.

ఈ ఖాళీ ఎంత చిన్నదో లెక్క కట్టి చూపిస్తాను. రోజుకు 100 గ్రాముల దాణా తినే పిల్లకు 0.22 శాతమంటే 220 మిల్లీగ్రాముల కాల్షియం. 0.40 శాతమంటే 400. తేడా 180 మిల్లీగ్రాములు. సున్నపురాయి పొడిలో కాల్షియం 38 శాతం దాకా ఉంటుంది కనుక, ఆ తేడా పూడ్చడానికి పిల్లకు రోజుకు అరగ్రాము పొడి కూడా అక్కర్లేదు. పది కిలోల దాణాకు యాభై గ్రాముల లోపే. కిళ్ళీకొట్టులో ఒక పూటకు ఖర్చయ్యే సున్నం.

ఇంత చవకైన దాన్ని ఎవరు తప్పుతారు అనుకుంటాం. తప్పుతారు. మన దగ్గర పెరటిలో కుందేళ్ళు పెంచేవాళ్ళు చేతికందిన మొక్కజొన్న నూక, గోధుమ పొట్టు చెరిసగం కలిపి పెడతారు. పిల్లలు ఆవురావురుమని తింటాయి. మొక్కజొన్నలో కాల్షియం 0.03 శాతం, గోధుమ పొట్టులో 0.1కి కాస్త అటూ ఇటూ. కలిపితే 0.1 శాతం కూడా రాదు. భాస్వరం మాత్రం 0.6 దాటుతుంది. ఎముకలో కాల్షియం రెండుపాళ్ళయితే భాస్వరం ఒక పాలు. ఈ మేతలో లెక్క తలకిందులైంది. అదే మనిషి పొలం గట్టునుంచి రోజూ ఒక మోపు లూసర్న్ కోసుకొచ్చి వేస్తే గొడవే లేదు. లూసర్న్ ఎండుమేతలో 1.2 శాతం పైనే కాల్షియం. పప్పుజాతి పచ్చిమేతలన్నీ ఈ విషయంలో దొడ్డచేతివే. తోటకూర, పాలకూర చూడటానికి పచ్చగా ఉంటాయి గాని వాటిలోని ఆక్సలేట్ కాల్షియాన్ని చాలావరకు కట్టిపడేస్తుంది.

బ్రిటన్‌లో ఈ కాల్షియం లోటుకు ఇంకో రూపం బయటపడింది. ఇళ్ళలో ముద్దుగా పెంచే కుందేళ్ళకు గింజలు, అటుకుల్లాంటి రేకులు, గుళికలు కలిపిన రంగురంగుల దాణా అమ్ముతారు. ఖనిజాలు ఉండేది గుళికల్లో. కుందేలు మన పిల్లల్లాగే రుచైనవి ఏరుకుని తిని, గుళికలు గిన్నెలో వదిలేస్తుంది. సంచి మీద అచ్చేసిన కాల్షియం శాతం వేరు, కడుపులోకి పోయింది వేరు. 1990లలో ఫ్రాన్సెస్ హార్కోర్ట్-బ్రౌన్ అనే పశువైద్యురాలు, కుందేళ్ళ దవడ ఎముక బలహీనపడి పళ్ళు వంకర్లు తిరగడానికి ఇదొక కారణమని వాదించారు. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందుపళ్ళయితే వారానికి 2 మిల్లీమీటర్ల చొప్పున. వాటిని పట్టి ఉంచే ఎముక మెత్తబడితే దారి తప్పుతాయని ఆమె వాదం. గడ్డి నమలక పళ్ళు అరగకపోవడమే అసలు కారణమనే వాళ్ళూ ఉన్నారు. నా మొగ్గు గడ్డివైపే, కానీ గిన్నెలో మిగిలిపోయిన గుళికలను చూపించినందుకు ఆమెకు దణ్ణం పెడతాను.

భాస్వరం మాట వచ్చింది కనుక ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. గింజల్లో, పొట్టులో భాస్వరం ఎక్కువభాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. కోడికి అది సరిగా అందదు. కుందేలు గడుసుది. దాని అంధనాళంలోని సూక్ష్మజీవులు ఆ ముడి విప్పుతాయి. అక్కడ తయారైన మెత్తటి ఉండలను కుందేలు నేరుగా నోటితో అందుకుని మళ్ళీ మింగుతుంది, భాస్వరం రెండో విడతలో ఒంటబడుతుంది. ఇదంతా తేలాలంటే రక్తంలో, ఎముక బూడిదలో, మేతలో భాస్వరాన్ని కొలవాలి కదా. ఆ కొలతకు దశాబ్దాల తరబడి లోకమంతా వాడిన పద్ధతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని ప్రచురించారు. భాస్వరం మాలిబ్డేటుతో కలిసి, తగిన రసాయనం తగలగానే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కన అయితే భాస్వరం అంత ఎక్కువ. మా ప్రయోగశాలలో ఆ నీలం తేలినప్పుడల్లా మాస్టారు "భీమవరం నీలం" అనేవారు. ఈ ఒక్క విషయంలో ఆయన పొగడ్తకు లొంగేవారు.

కాల్షియం ఎక్కువైతే? చాపిన్, స్మిత్ అదీ చూశారు. కాల్షియం భాస్వరానికి పన్నెండు రెట్లున్నా ఎదిగే కుందేళ్ళు తట్టుకున్నాయి. కోడిపిల్లో పందిపిల్లో అయితే తట్టుకునేది కాదు. అయితే ఎముక ఒక హద్దు దాకానే పుచ్చుకుంటుంది. ఆపైన వేసిందంతా పళ్ళెంలోకే. నీళ్ళు తక్కువ తాగే, కదలకుండా కూర్చునే, వయసు మళ్ళిన కుందేలులో అది మూత్రాశయంలోనే బురదలా పేరుకుంటుంది, రాయి కడుతుంది. అసలు భయపడాల్సింది విటమిన్ డి విషయంలో. బలానికని మందుల షాపులో చుక్కలు కొని దాణాలో కలిపేవాళ్ళను చూశాను. పేగు తలుపు ముందే బార్లా తెరిచి ఉన్న జంతువుకు ఇంకో తాళంచెవి ఎందుకు? మోతాదు మించితే బృహద్ధమని గోడల్లో, మూత్రపిండాల్లో సున్నం పేరుకుంటుంది. ఎముకకు చేరాల్సింది రక్తనాళానికి చేరుతుంది.

సభలో వైద్యులు కూడా ఉన్నారు కనుక ఒక హెచ్చరిక. ఎముకల పరిశోధనలో కుందేలుకు గౌరవస్థానం ఉంది. ఎలుక ఎముకలో సరిగా కనిపించని పునర్నిర్మాణం, అంటే పాత ఎముకను సొరంగంలా తొలిచి కొత్తది నింపే హావర్సియన్ పద్ధతి, కుందేలులో మనిషిలో లాగే నడుస్తుంది. ఆరేడు నెలల్లో ఎముక పెద్దరికానికి వస్తుంది, పరిశోధకుడు ముసలివాడయ్యేదాకా ఆగనక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో విసెంటె గిల్సాన్జ్ బృందం 1991లో ఎదిగే కుందేళ్ళ వెన్నుపూసలను సి.టి. స్కానుతో చూసి మేతలోని కాల్షియానికీ ఎముక సాంద్రతకూ ఉన్న లంకెను కొలిచింది. జంతువును చంపకుండానే లోపలి గోడను చూడగలిగారు, మా తరానికి దొరకని అదృష్టం. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ కుందేలు ఫలితం చూపించి "మనిషి కూడా ఎంత తింటే అంత ఎముక" అనేవాళ్ళు తయారయ్యారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. మన పేగు దగ్గర కాపలా ఉందని, కుందేలు దగ్గర లేదని ఇందాకే చెప్పుకున్నాం. కణాల పని పోలుతుంది, మోతాదు పోలదు.

మనుషుల సంగతి తెలుసుకోవడానికి మనం కుందేలుదాకా పోనక్కర్లేకుండా మన నేలే చేదు పాఠం చెప్పింది. నల్గొండ ప్రాంతంలో నీళ్ళలో ఫ్లోరైడు ఉన్న ఊళ్ళలో, ఎదిగే వయసు పిల్లల మోకాళ్ళు లోపలికి ఒరిగిపోవడం, ఎముకలు గుల్లబారడం గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఫ్లోరైడు ఒక్కటే అయితే ఎముక గట్టిపడి బిగుసుకుపోతుంది. తిండిలో కాల్షియం కూడా కరువైన పిల్లల్లో అది మరో రూపం తీసుకుంటుంది. ఎదిగే ఎముక ఎదిగిపోయిన ఎముకలా దెబ్బను తీసుకోదు.

చివరగా నా తప్పు ఒకటి చెప్పాలి. మాస్టారి ముందు ఒకసారి చెప్పాను, సభలో ఇదే మొదలు.

ఒక పెంపకందారు షెడ్డులో పదివారాల పిల్లలను తూచడానికి వెళ్ళాను. మొక్కజొన్న నూక, గోధుమ పొట్టు మేత. పిల్లలన్నీ నిగనిగలాడుతున్నాయి. తొందరలో ఒకదాన్ని మెడ చర్మం పట్టి పైకెత్తాను, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టలేదు. అది వెనక కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది. టక్కుమని చిన్న చప్పుడు. పుల్ల విరిగినట్టు. తర్వాత వెనక కాళ్ళు కదల్లేదు. కుందేలు అస్థిపంజరం ఒంటి బరువులో 8 శాతం లోపే, పిల్లికైతే 12, 13. తొడల కండరాలు మాత్రం స్ప్రింగులు. ఆసరా లేని నడుము ఆ తన్నుకు ఆగదు, నిండుగా కాల్షియం తిన్నదైనా సరే.

దాన్ని నొప్పి లేకుండా సాగనంపి, కాలి ఎముక తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. "బరువెంత?" అన్నారు. "బాగానే ఉంది మాస్టారూ, కిలో ఎనిమిది వందలు" అన్నాను. ఆయన నావైపు చూసి ఊరుకున్నారు.

ఎముకను శుభ్రం చేసి, ఈథరులో కొవ్వు లాగేసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూచాం. క్రూసిబుల్‌లో పెట్టి రాత్రంతా ఫర్నేసులో 600 డిగ్రీల దగ్గర ఉంచాం. పొద్దున తీసేసరికి ఎముక ఆకారం చెక్కుచెదరలేదు, తెల్లగా సుద్దముక్కలా ఉంది. వేలు తగలగానే పొడిపొడి అయింది. బూడిద పాలు, షెడ్డులో మంచి మేత తిన్న పిల్లల లెక్కకంటే తక్కువ వచ్చింది. నేను ఉత్సాహంగా పెన్ను తీశాను. నా చేతికి పెన్సిలు ఇచ్చారు మాస్టారు. "ఒకటే కుందేలు. పైగా విరిచింది నువ్వు. పెన్సిలుతో రాయి."

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ పేజీలో గీతలు వెలిశాయి గాని అంకె కనిపిస్తూనే ఉంది.